‘నడుస్తాంది’ ఏ గడిలోకి వస్తుంది?

పరిశోధన ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో ఎన్నాళ్లు కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే పెద్దగా పనికిరాలేదు, మీకేం పనికొస్తాయి?

దుండిగల్ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా గణాంకశాస్త్రం చెప్పాను. అదే ఆవరణలో సైన్స్ డిగ్రీ, ఎంబీఏ, బీఈడీ కూడా ఉండేవి. ఎవరి బిల్డింగు వాళ్లది, క్యాంటీన్‌లో ఎవరి బల్ల వాళ్లది. కానీ పరిశోధన చేసి అంకెలు పోగేసుకున్నాక అందరూ నా గదికే రావాలి. కాంక్రీటు బలం కొలిచినవాడు, వేపాకు రసంతో సూక్ష్మజీవులను చంపినవాడు, మాల్‌లో జనం ఎందుకు కొంటున్నారో కనిపెట్టినవాడు, బడి పిల్లల చదువును బేరీజు వేసినవాడు, నలుగురూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే మాట అడిగేవారు: "సార్, జర గా పీ విలువ తీసియ్యరాదుండ్రి."

పీ విలువ అంటే, అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె. అది ఫలానా గీత కిందికి దిగితే పేపర్ అచ్చవుతుంది, దిగకపోతే అవదు అని అందరి నమ్మకం. పంచాంగం తిప్పే పంతుళ్లను వేదికల మీద నిలదీసినవాణ్ని నేను. చివరికి నా బతుకంతా ముహూర్తాలు పెట్టడంతోనే సరిపోయింది.

వేదికలు అన్నాను కదా. వయసులో ఉన్నప్పుడు మేడ్చల్ చుట్టుపక్కల హేతువాద సభల్లో తిరిగాను. గాలిలోంచి విభూది తీసే బాబా ముంజేతిని పట్టుకుని, "రుజువేదీ?" అని అరిచిన గొంతు ఇది. ఆ మాట నా వెంట కాలేజీకి కూడా వచ్చింది. వెనక నన్ను అందరూ ‘రుజువు సార్’ అనేవారు. ముందు కూడా అనేవారు. నాకు అది బిరుదులాగే ఉండేది.

దసరా తర్వాతి కాంక్రీటు

సివిల్ విభాగంలో ఒక లెక్చరర్ బూడిద కలిపిన కాంక్రీటు మీద పేపర్ తెచ్చాడు. ఫలితాలు ముచ్చటగా ఉన్నాయి. బూడిద శాతం పెరిగేకొద్దీ బలం మెట్లెక్కినట్టు పెరిగింది. ఒక్క దిమ్మె కూడా అలిగి పక్కకు పోలేదు. నాకు అనుమానం అక్కడే వచ్చింది. నిజమైన కొలతలు పెళ్లి బరాత్‌లో జనం లాంటివి. ముందుకే పోతాయి గానీ వరసలో పోవు. ఈ కొలతలు మాత్రం మా దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ కుర్రాళ్లలా పరేడ్ చేస్తున్నాయి.

ల్యాబ్‌కు వెళ్లాను. అక్కడి అటెండర్ నర్సింలు నాకంటే పెద్దవాడు.

"ఏం రుజువు సార్, దారి దప్పి వచ్చిండ్రా?"

"దిమ్మెలు పగలగొట్టే మిషన్ చూద్దామని వచ్చిన నర్సింలూ."

"సూడుండ్రి. సూసుడుకు తప్ప అది ఇంక దేనికి పనికొస్తలేదు."

మిషన్ మెడలో ఎండిపోయిన బంతిపూల దండ ఉంది. నుదుటి మీద పసుపు, కుంకుమ.

"ఎప్పటి నుంచి?"

"దసరాకు ఆయుధపూజ జేసిండ్రు గదా. కొబ్బరికాయ దీని నెత్తి మీదనే గొట్టిండ్రు. నీళ్లు లోపటికి వొయ్యి మోటర్ కాలింది. మెకానిక్‌ను పిలువుండ్రని గప్పుడే జెప్పిన. పండుగ పూట గా మాటనకు అన్నరు. ఇగ నేను మల్ల అనలే."

పేపర్‌లోని కొలతల తేదీలన్నీ దసరా తర్వాతివే. మిషన్ సెలవులో ఉంది, ఫలితాలు మాత్రం డ్యూటీ చేస్తున్నాయి.

ఆ పేపర్‌ను ఆపేశాను. స్టాఫ్ రూములో కొబ్బరికాయ మీద అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఉపన్యాసం సగమే సరైనది. కొబ్బరికాయ మోటారును కాల్చింది, అంతే. లేని అంకెలు రాసింది ఎంటెక్ చదివిన మనిషి. ఏ పూజా చేయని గదుల్లో కూడా అలాంటి అంకెలు పుడుతూనే ఉన్నాయి. మీరు ఎవరి ఫలితాలనైనా పరీక్షించాలంటే కంప్యూటర్ తెరిచే ముందు ఆ ల్యాబ్ అటెండర్‌తో ఒక చాయ్ తాగండి. ఈ ఒక్క సలహా నా లెక్చర్లన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

మిగతా మోసాలు దీనికంటే చిన్నవి, కొన్ని నవ్వు పుట్టించేవి. ‘హైదరాబాద్ వినియోగదారుల మనస్తత్వం’ అని ఎంబీఏ నుంచి ఒక పేపర్ వచ్చింది. విచారిస్తే ఆ వినియోగదారులంతా ఒకే హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. సైన్స్ వాళ్లు సూక్ష్మజీవులను పెంచిన గాజు పళ్లేల్లో అనుకున్నట్టు రానివాటిని కడిగేసి, అనుకున్నట్టు వచ్చినవాటి ఫోటోలు పెట్టేవారు. కాపీ దొరక్కుండా వాక్యాలను తిరగరాసే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇంకో వింత. ఉష్ణ వాహకత అని ఉండవలసిన చోట, తెలుగులో చెప్పాలంటే, ‘జ్వరం మోసే గుణం’ అని ఉంది. రాసినవాడు దాన్ని ఒక్కసారి కూడా చదువుకోలేదు. చదివి ఆమోదించినవాళ్లు ముగ్గురు.

శుభలేఖలో పేర్లు

మా చైర్మన్‌ది బౌరంపేట్. తాతల నాటి పొలాలు, ఇప్పుడు వాటిల్లో గేటెడ్ కాలనీలు. ఆయనలో నాకు నచ్చింది ఒకటుంది. లేని భక్తి నటించడు, లేని చదువు నటించడు. పరిశోధన ఎందుకో ఒక మీటింగ్‌లో ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సార్, ఎకరం ఎకరం కలిస్తెనే వెంచర్ అయితది. పేపర్ పేపర్ కలిస్తెనే ర్యాంక్ అయితది. ఏడాదికి ఎన్నొస్తయో జెప్పుండ్రి."

పేపర్ మీద పేర్లు పెట్టే పద్ధతి కూడా అలాంటిదే. పని చేసింది ఒకరైతే హెచ్‌ఓడీ పేరు, ప్రిన్సిపాల్ పేరు, లెక్క చూసిన నా పేరు కూడా ఎక్కేవి. శుభలేఖలో పెద్దల పేర్లు వేసినట్టే. వేయకపోతే అలుగుతారు. నేను అలిగేవాణ్ని కాను గానీ, వేస్తే వద్దనలేదు. ఇది నిజాయితీగా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాతి కథ ఆ ‘వద్దనకపోవడం’ నుంచే మొదలవుతుంది.

నాలుగో గడి

స్వప్న మా బీఈడీ కాలేజీలో లెక్చరర్. సూరారంలో ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు. రెండు షేర్ ఆటోలు మారి వచ్చేది. పీహెచ్‌డీ పూర్తయితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని యాజమాన్యం ఆమెకు మాటిచ్చింది. ఆమె అంశం: శామీర్‌పేట వైపు ఊళ్లలో సర్కారు బడి మీద తల్లిదండ్రుల అభిప్రాయం.

ప్రశ్నాపత్రం నా గదిలోనే తయారైంది. ‘మీ పిల్లలు చదివే పాఠశాల పట్ల మీరు ఎంతవరకు సంతృప్తిగా ఉన్నారు?’ దాని కింద ఐదు గడులు. మొదటిది చాలా అసంతృప్తి, ఐదోది చాలా సంతృప్తి. ఆ ప్రశ్నను ఒకసారి బయటికి చదివి చూడండి. శామీర్‌పేట చెరువు కట్ట మీద అట్లా మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉంటారా? ఆ రోజు నాకు ఆ ఆలోచనే రాలేదు.

బీఈడీ విద్యార్థులు సర్వేకు ఊళ్లలోకి వెళ్లిన మొదటి రోజు మధ్యాహ్నం స్వప్న ఫోన్ చేసింది. నేను అన్నం తింటున్నాను.

"సార్, బడి ఎట్లుందంటే చానామంది ‘నడుస్తాంది’ అంటున్నరంట. ఏ డబ్బాల టిక్కు పెట్టాలని పిల్లలు అడుగుతున్నరు."

"నడుస్తోందంటే బాగానే ఉన్నట్టు గదమ్మా. నాలుగులో పెట్టమను."

"మూడు గాదా సార్?"

"మూడంటే ఏ అభిప్రాయం లేదని. వీళ్లు నడుస్తోందని చెప్పిండ్రు గదా. నాలుగు."

చెయ్యి కడుక్కునేలోపు ఆ సంగతి మర్చిపోయాను.

ఫలితాలు వచ్చాయి. భూములున్న కుటుంబాలు బడిని గట్టిగా తిట్టాయి: ఐదు తరగతులకు ఒక్కడే సారు, ఇదేం బడి అని. చేపలు పట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు మాత్రం సంతృప్తిగా ఉన్నారు. తేడా స్పష్టంగా ఉంది, పీ విలువ ఆ గీతకు చాలా కిందికి దిగింది. స్వప్న ఎందుకిలా అని అడిగింది. ఆశ తక్కువున్న చోట సంతృప్తి ఎక్కువ ఉంటుందని నేను అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం అల్లిపెట్టాను. వినడానికి ఎంత బాగుందో! పేపర్ అచ్చయింది. మొదటి పేరు స్వప్నది, రెండోది నాది.

మోకాలు

ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర చేపలు కొనడం నా అలవాటు. నీలం తాడిపత్రి పట్టా నీడలో లచ్చమ్మ కూర్చుంటుంది. సర్వే చేసిన ఊళ్లలో ఆమెది కూడా ఒకటి. ఆమె మనవరాలు ఆ బడిలోనే మూడో తరగతి.

"చేపలెట్లున్నయ్ లచ్చమ్మా?"

"మస్తుగున్నయ్ సార్! ఇగో, ఇంక ఎగురుతున్నయ్ సూడు."

తూకం రాయి కోసం లేవబోయి ఆమె మోకాలు పట్టుకుంది. పళ్లు బిగబట్టి, గుంజను ఆసరా చేసుకుని లేచింది.

"నొప్పి ఎట్లుంది?"

"నడుస్తాంది సార్."

చేపల కోసం సంచీ ముందుకు చాపినవాణ్ని అలాగే ఆగిపోయాను. ఆమె కుంటుతూ రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది.

"నడుస్తాంది అంటున్నవ్, నడవరాక కూసున్నవ్."

"ఏం జెయ్యాలె మరి? బాగుంటె బాగున్నదంటం. బాగలేదని ఎవరికి జెప్పాలె సార్? జెప్తె ఏమైతది? అందుకే నడుస్తాంది అంటం."

"మనవరాలి బడి?"

"అదీ నడుస్తాంది." నవ్వింది. వెంటనే ముఖం మాడ్చుకుంది. "మొన్న బడి కాడ మీటింగ్ పెట్టిండ్రు. రెండో సారును ఇయ్యుండ్రని మావోళ్లు పొయ్యి అడిగిండ్రు. బడుల ఆఫీసరు ఏందో కాయితం జూపిచ్చిండు. మీరే ఖుషీగున్నమని జెప్పిండ్రంట గదా, మల్ల ఎందుకు పరేషాన్ జేస్తున్నరు అన్నడు. ఎవరో కాలేజోళ్లు రాసిండ్రంట. గా కాలేజోళ్లకు చెవులున్నయో లేవో!"

ఆ కాలేజోళ్లలో నేను కూడా ఉన్నానని చెప్పాలి. చేపలు తూయించుకుని, సంచీ పట్టుకుని వచ్చేశాను.

నేను పుట్టింది మేడ్చల్‌లో. ‘నడుస్తాంది’ మా అవ్వ నోట రోజూ విన్న మాటే. వానల్లేని ఏడు పంట ఎట్లుందంటే నడుస్తాంది అనేది. నాయిన మంచం పట్టినప్పుడు ఆయన ఒళ్లు ఎట్లుందంటే నడుస్తాంది అనేది. దాని అర్థం నాకు తెలియక కాదు. గదిలో కూర్చుని, పుస్తకాల తెలుగులో ప్రశ్న రాసి, ఆ తెలుగులోనే జవాబు విన్నాను. నా సొంత మాటను నేనే పరాయివాడిలా తర్జుమా చేశాను. భూమి ఉన్నవాడు బడిని తిట్టాడంటే, తిడితే వినేవాడు ఉన్నాడన్న ధీమా అది. లచ్చమ్మకు ఆ ధీమా లేదు. నేను కొలిచింది సంతృప్తిని కాదు, ఆ ధీమా ఎవరికుందో, ఎవరికి లేదో. కొలిచి దాని పేరు మార్చాను.

సోమవారం పొద్దున్నే బీరువాలోంచి ఫారాల కట్టలు దింపాను. పిల్లలు బుద్ధిమంతులు. నాలుగో గడిలో టిక్కు పెట్టి, పక్కన పెన్నుతో అసలు మాట కూడా రాసిపెట్టారు. నడుస్తాంది. నడుస్తాంది. నడుస్తాంది. రుజువు ఇన్నాళ్లూ నా బీరువాలోనే ఉంది. రుజువేదీ అని జీవితమంతా ఎదుటివాణ్ని అడిగాను. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోవడం అదే మొదటిసారి.

హద్దు రాయి

స్వప్నను పిలిచి ఫారాలు చూపించాను. అప్పటికి ఆమె థీసిస్ యూనివర్సిటీకి వెళ్లిపోయింది, మౌఖిక పరీక్షకు తేదీ కూడా ఖాయమైంది. ఆమె చాలాసేపు ఫారాలు తిప్పింది.

"నాలుగుల పెట్టమన్నది మీరే సార్."

"నేనే."

"మూడు గాదా అని నేను అడిగిన."

"అడిగినవ్."

"ఇప్పుడు పేపర్ వాపస్ తీసుకోమనేది గూడ మీరే. మీరు వచ్చే ఏడు రిటైర్ అయితరు. పోయేది ఎవరిది సార్?"

తప్పు నాది, నష్టం ఆమెది. నిర్ణయం నువ్వే తీసుకో, నేను మాత్రం జరిగింది రాసి సంతకం పెడతాను అన్నాను. ఆమె ఫారాలు బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. వారం రోజులు నా గది వైపు రాలేదు.

పేపర్‌లో నా తప్పు రాసి సంతకం పెడుతున్నానని చెప్పడానికి ఆ వారంలో చైర్మన్ దగ్గరికి వెళ్లాను.

"సార్, రిజిస్ట్రేషన్ అయినంక భూమి ఎవడన్న వాపస్ ఇస్తడా?" అన్నాడు.

"హద్దు రాయి తప్పు పాతింది నేనే సార్. పక్కోని పొలంల పాతిన. పీకాలె గదా."

ఆయన నవ్వాడు. హద్దు రాయి సంగతి ఆయనకు నేను చెప్పనక్కరలేదు. "మీరు రిటైర్ అయ్యేదాంక ఆగరాదుండ్రి. మీరు పోయినంక ఎవరు జూస్తరు?"

"అందుకే ఇప్పుడు చేస్తున్న."

"మీతోని పెద్ద తలనొప్పి. మరి గా పిల్ల నౌకరి?"

"మూడు గాదా అని ఆ పిల్ల అడిగింది, నేను వద్దన్న. అది కాయితం మీద రాసిస్త. ఆమె నౌకరి జోలికి పోతే గా కాయితం అందరికీ చూపిస్త."

ఆయన ఫ్యాన్ వేగం పెంచమని ప్యూన్‌కు చెప్పాడు. అది ఔననో కాదనో నాకు తెలియలేదు. కానీ స్వప్న నౌకరీ అయితే ఎవరూ తీయలేదు. పర్మనెంటు మాత్రం ఆగిపోయింది.

ఎనిమిదో రోజు స్వప్న వచ్చింది. చెప్పులకు చెరువు కట్ట మట్టి ఉంది.

"ఊరికి పోయిన సార్. గా పేపర్ ఊరోళ్లు జిరాక్స్ తీసి బడి గోడకు అంటించిండ్రు, నవ్వుకునేటందుకు. దాని మీద నా పేరు. ఒకామె పేరు అడిగి నన్ను గుర్తువట్టింది. ‘అక్కా, మేము గిట్ల జెప్పినమా?’ అనడిగింది. తిడితే బాగుండు. తిట్టలే. మంచినీళ్లిచ్చి అడిగింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఉత్తరం నేను రాస్త. మీ తప్పు మీరు రాయుండ్రి. మూడు గాదా అని అడిగి ఊకున్న తప్పు నాది, అది నేను రాస్త."

పత్రికకు పంపిన ఉత్తరం చిన్నది. ‘నడుస్తాంది అన్న జవాబును సంతృప్తిగా లెక్కించాం. మా ప్రాంతపు వాడుకలో ఆ మాటకు ఆ అర్థం లేదు. అలా లెక్కించమని చెప్పింది రెండో రచయిత. ప్రశ్నించి కూడా ఒప్పుకున్నది మొదటి రచయిత. ఈ వ్యాసం నిర్ధారణలు చెల్లవు.’ ఆ ఉత్తరం ప్రతిని స్వప్నే తీసుకెళ్లి, ఆఫీసరు బల్ల మీద పెట్టి, చదివి వినిపించి వచ్చింది.

శుభలేఖలో పేరు వేయించుకున్నవాడు పెళ్లి చెడితే కూడా నిలబడాలి. నిలబడలేని చోట పేరు వేయించుకోకండి.

తర్వాత ఆమె తానే మళ్లీ అవే ఇళ్లకు వెళ్లింది. ఈసారి సంతృప్తి గురించి అడగలేదు. నిన్న మీ పిల్ల తరగతిలో సారు ఎంతసేపు ఉన్నాడు, ఈ వారం ఏం రాసింది, పుస్తకం చూపించు అని అడిగింది. ఆమె డిగ్రీ రెండేళ్లు ఆలస్యమైంది. ఆ రెండేళ్లూ ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు, నేను కూడా. కానీ ఆ థీసిస్‌లో మొదటి అధ్యాయమంతా ఒక్క మాట గురించే ఉంది. ఇన్నేళ్లలో నా కళ్ల ముందు నుంచి పోయిన పరిశోధనల్లో నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిజం అనగలిగినది అదే.

రాసుకోండ్రి

రిటైర్ అయినా ఆదివారం చేపలు మానలేదు. ఆ కాలేజోళ్లలో నేను కూడా ఒకణ్నని, ‘నడుస్తాంది’ని తప్పు డబ్బాలో పెట్టించింది నేనేనని లచ్చమ్మకు చెప్పాను. ఆమె కత్తిపీట మీద చేప తల పెట్టి, నా ముఖంలోకి చూసి, "చెవులున్నయా మరి?" అంది. "ఇప్పుడున్నయ్" అన్నాను. "అయితె మంచిదే" అని తల నరికింది. ఆ రోజు నాకు ఒక చేప చిన్నది వచ్చింది. బేరమాడలేదు.

స్వప్న డిగ్రీ వచ్చాక ఒక ఆదివారం మళ్లీ అడిగాను. అప్పటికి బడికి రెండో సారును వేశారు.

"బడి ఎట్లుంది లచ్చమ్మా?"

"బాగలేదు సార్."

నేను సంచీ కింద పెట్టాను.

"కొత్త సారు వచ్చిండు గని వారానికి మూడు దినాలే వస్తుండు. మిగిలిన దినాలు ఇంకో ఊరంట. పిల్లకు ఎక్కాలు ఏడు కాడ ఆగినయ్. బడి నల్లాల నీళ్లు గూడ వస్తలేవు." వేలు మడిచి ఒక్కొక్కటి చెప్పింది. నేను వింటూ ఉండిపోతే కసిరింది. "గట్ల సూస్తవేంది? జేబుల పెన్నున్నది గదా, రాసుకోండ్రి సార్. మల్ల తప్పు డబ్బాల పెట్టకుండ్రి."

చేపల సంచీ మీద కాగితం పరుచుకుని, ఆమె అన్నది అన్నట్టుగా రాసుకున్నాను.